మీకు తెలుసా? చీర కట్టిన మగవాళ్లు, కొడుకైన కూతుళ్లు!

హోలీ వచ్చిందంటే చాలు, ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో మగవాళ్లు చీరలు కడతారు! కుర్రవాళ్లు, ముసలివాళ్లు, సేద్యం చేసేవాళ్లు, ఉద్యోగం చేసేవాళ్లు, అందరూ! నగలు పెట్టుకుంటారు. తలలో పూలు ముడుచుకుంటారు. చేతిలో పళ్లెం పట్టుకుని రతీ మన్మథుల దగ్గరికి పోయి మొక్కు చెల్లిస్తారు. 2 రోజుల పండుగ ఇది! పెళ్లి కుదరాలని ఒకరు, పంట చేతికి రావాలని ఇంకొకరు మొక్కుకుంటారు. ఊళ్లో ఎవరూ ఎగతాళి చేయరు. మొక్కు తీర్చుకునే మనిషిని చూసి నవ్వేదెవరు?

తిరుపతి గంగమ్మ జాతర చూశారా? అక్కడా అంతే! అమ్మవారి మొక్కు కోసం మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని వీధుల్లో తిరుగుతారు. ఇదంతా చూసిన అమెరికా ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. 2013లో అచ్చయింది! జాతర జరిగే ఆ కొద్ది రోజులూ తిరుపతి లోకమంతా ఆడరూపమే అవుతుందట. మగవాడు అమ్మవారి ముందుకు మగవాడిగా రాకూడదట! మనం బొరుగులు తింటూ చూసి వచ్చే జాతర ఇది. అమెరికాలో విశ్వవిద్యాలయ పాఠం!

ఇప్పుడు అసలైనది చెబుతాను, దగ్గరికి రండి. ఆదోని, ఆలూరు, బళ్లారి పల్లెల్లో ఒకప్పుడు కూతురే కొడుకయ్యేది! నిజం! ఇంట్లో మగపిల్లలు లేకపోతే ఒక కూతుర్ని దేవుడికి వదిలేవారు. ఆమెను బసివి అనేవారు. ఇక ఆమెకు పెళ్లి లేదు. పుట్టింట్లోనే ఉంటుంది. తండ్రి ఆస్తి ఆమెకే వస్తుంది! తండ్రికి కర్మ చేసేదీ ఆమే! ఆమె పిల్లలు తాత ఇంటిపేరుతోనే పెరుగుతారు. ఫాసెట్ అనే దొర ఈ బసివిల గురించి బొంబాయి పండితుల పత్రికలో పెద్ద వ్యాసమే రాశాడు. సుమారు 130 ఏళ్ల కిందట! దేవుడి పేరుతో మగవాళ్ల హక్కులు పొందే ఆడవాళ్లు వీళ్లని ఆ వ్యాసం పేరులోనే చెప్పేశాడు.

ఆగండి, సంబరపడకండి! ఆ హక్కు వెల చాలా పెద్దది. బసివి ఎవరికీ భార్య కాదు కాబట్టి ఆమె ఒంటి మీద ఊళ్లో పెత్తందార్లందరికీ కన్నే. పసివయసులోనే ఆ పిల్ల బతుకు ఎవరో నిర్ణయించేవారు. అడిగిందెవరు ఆమెను? ఎక్కువగా పేద కులాల ఇళ్లే దీనికి బలయ్యాయి. దేవుడికి ఆడపిల్లల్ని వదిలే ఈ ఆచారాన్ని ఆంధ్రప్రదేశ్ పూర్తిగా నిషేధించింది ఎప్పుడో తెలుసా? 1988లో! నిన్న మొన్నటి మాట!

ఇంకో సంగతి వింటే నోరు తెరుస్తారు. బసివి కాకుండానే, మామూలు కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఎప్పుడు వచ్చింది? ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి! దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది! మన రాష్ట్రం అంత ముందుంది. ఒక మెలిక మాత్రం పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు ఈ వాటా లేదని అప్పట్లో అన్నారు.

తిరుమలలో రోజూ ఎంతమందికైనా అన్నం పెట్టే ఆ పెద్ద భవనానికి ఎవరి పేరుందో గమనించారా? తరిగొండ వెంగమాంబ! మన సీమ బిడ్డ! చిన్నతనంలోనే భర్త పోయాడు. తల గొరిగించుకోమన్నారు. గొరిగించుకోనంది! పసుపు కుంకుమ తీయమన్నారు. తీయనంది! నా భర్త వెంకటేశ్వరుడే అంది. ఊరు వెలివేసినంత పని చేసింది. ఆమె కొండెక్కింది. ఈనాటికీ స్వామికి రాత్రి చివరి హారతి ఆమె పేరునే! తరిగొండ ఉన్న వాయల్పాడు తాలూకా 1911 దాకా కడప జిల్లాలోదే. ఆ ఏడాదే చిత్తూరు జిల్లా పుట్టింది, వెంగమాంబ చిత్తూరుకు పోయింది!

బ్రహ్మంగారి కాలజ్ఞానం మొదట విన్నదెవరు? రాజు కాదు, పండితుడు కాదు. ఒక ఆడమనిషి! బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ. తన ఇంట్లో పశువులు కాసే కుర్రవాడే జ్ఞాని అని ఆమె కనిపెట్టింది, అతని ముందే శిష్యురాలిగా కూర్చుంది అని సీమలో 300 ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. యజమానురాలు పనివాడి కాళ్లకు మొక్కింది! మరి బ్రహ్మంగారి ప్రధాన శిష్యుడు? దూదేకుల సిద్ధయ్య! బ్రహ్మంగారి మనవరాలు ఈశ్వరమ్మ పేరున కందిమల్లాయపల్లెలో విడిగా ఒక మఠమే ఉంది. కులం, మతం, ఆడ, మగ, అన్ని గీతలూ ఒకే కథలో చెరిగిపోయాయి!

బద్వేలు దగ్గర గోపవరం. కుమ్మరి ఇంట పుట్టిన పిల్ల. పేరు మొల్ల! గురువు దగ్గర శాస్త్రాలు చదవలేదని తానే చెప్పుకుంది. రామాయణం రాసి పెట్టింది! దాదాపు 870 గద్య పద్యాలు! 5 రోజుల్లో రాసిందని జనం చెప్పుకుంటారు. ఆ మాట పక్కన పెట్టండి. చదువు కొన్ని ఇళ్ల సొత్తు అనుకున్న రోజుల్లో కుమ్మరి ఇంటి ఆడపిల్ల రాయడమే గొప్ప!

మరి తెలుగులో మొదటి కవయిత్రి ఎవరు? అదీ మన కడప సీమే! తాళ్లపాక తిమ్మక్క! అన్నమయ్య భార్య! ఆమె రాసిన సుభద్రాకల్యాణం ద్విపద కావ్యం. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. తిమ్మక్క పేరు అడగండి, పెద్దవాళ్లే తడుముకుంటారు! నాకు ఇది మనసుకు కష్టంగా ఉంటుంది.

బడుల సంగతికి వద్దాం. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంబెల్ తన జిల్లాలో బడుల లెక్క తీశాడు. అప్పటి బళ్లారిలో మన ఆదోని, ఆలూరు కూడా ఉన్నాయి. బడికి పోయే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు ఎందరో చెప్పండి చూద్దాం! వెయ్యి? కాదు. అయిదు వందలు? కాదు. 60 మంది! జిల్లా మొత్తానికి 60 మంది!

సరే, అది పాతకాలం అంటారా? 2011 జనాభా లెక్కలు తీయండి. కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 50 మంది కూడా నిండలేదు! అరవై మందితో మొదలుపెట్టి సగం దాకా రావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు! కడప కాస్త నయం. అయినా పొంగిపోయేంత కాదు.

కాలేజీల్లో మాత్రం బొమ్మ తిరగబడుతోంది! 2020-21లో దేశమంతటా ఉన్నత విద్య చదివేవాళ్లలో నూటికి 49 మంది ఆడపిల్లలే! దాదాపు సగం! అదే బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పేవాళ్లను లెక్కపెట్టండి. నూటికి 43 దగ్గర ఆగిపోయింది. వినేవాళ్లు సగం, చెప్పేవాళ్లు అంతకన్నా తక్కువ! సోషియాలజీ వాళ్లు దీన్నే పట్టుకుని గట్టిగా అడుగుతున్నారు: తరగతిలో ఉన్న ఆడపిల్ల పై మెట్టు ఎక్కేసరికి ఎక్కడ జారిపోతోంది? పెళ్లి దగ్గరా? బదిలీ దగ్గరా? ఇంటి పని దగ్గరా?

ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల కోసమే ఒక విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టారు? రాజధానిలో కాదు! కోస్తాలో కాదు! రాయలసీమలో! తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1983లో!

కర్నూలు నగరం సంగతి ఇంకా వింత! ఒక్క ఊరి పేరు మీద 3 ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు! రాయలసీమ విశ్వవిద్యాలయం ఒకటి. క్లస్టర్ విశ్వవిద్యాలయం ఒకటి. ఉర్దూ విశ్వవిద్యాలయం ఒకటి! ఉర్దూ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన డాక్టర్ అబ్దుల్ హక్ ఎవరనుకున్నారు? కర్నూల్లో ఉస్మానియా కాలేజీ పెట్టిన మహానుభావుడు! స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే పెట్టాడు. కరువు జిల్లా పిల్లలకు చదువు గుమ్మం దాకా తెచ్చాడు.

కడప విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు? యోగి వేమన! కులం మీద అంత ఘాటుగా విరుచుకుపడ్డ కవి తెలుగులో ఇంకొకరు లేరంటే నేను ఒప్పుకుంటాను. ఆ వేమనను మూలనుంచి వెలికి తీసి అచ్చేయించింది బ్రౌన్ దొర. కడపలో బంగళా కొని, పండితులకు సొంత జేబులోంచి జీతాలిచ్చి పని చేయించాడు! 1829లో వేసిన మొదటి పుస్తకంలో 693 పద్యాలు! చాలామంది పండితులకు అప్పట్లో వేమన చదవదగ్గ కవే కాదు. ఇప్పుడు పట్టాల మీద ఆయన పేరే!

ఆ వేమన విశ్వవిద్యాలయం 2006లో మొదలైంది. అక్కడ తెలుగు పాఠాలు చెప్పిన ఎం.ఎం. వినోదిని ఏం రాశారో తెలుసా? దాహం! నాటకం. నీళ్ల కోసం దళిత ఆడవాళ్లు పడే అవమానం అందులో కథ. ఆడదానిగా ఒక దెబ్బ, కులం వల్ల ఇంకో దెబ్బ, రెండూ ఒకే బిందె దగ్గర పడతాయి! రెండు దెబ్బల్నీ కలిపి చూడాలని ప్రపంచ విశ్వవిద్యాలయాలు ఇప్పుడు పాఠాలు చెబుతున్నాయి. కడపలో నాటకం వేసి చూపించొచ్చు!

పాఠాల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి! పుట్టపర్తి నారాయణాచార్యులు 12 ఏళ్ల వయసులో పెనుగొండ లక్ష్మి రాశారు. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కట్టారు. పాఠ్యపుస్తకం ఏది? పెనుగొండ లక్ష్మి! రాసింది తానే, పరీక్ష రాయాల్సిందీ తానే! ప్రొద్దుటూరు, కడపల్లో ఈ కథ తెలియని తెలుగు మాస్టారు ఉండరు.

ఇప్పుడు మీ ఇంట్లోకి వద్దాం. మీ చిన్నాయన కొడుకు మీకేమవుతాడు? తమ్ముడో అన్నో! మేనత్త కొడుకు? బావ! ఒకరితో పెళ్లి మాటే పాపం, ఇంకొకరితో పెళ్లి మాట హాయిగా నవ్వులాట! మనకు ఇది పుట్టుకతో వచ్చిన లెక్క. అమెరికాలో లూయీ హెన్రీ మోర్గన్ అనే లాయరు దీన్ని చూసి అదిరిపోయాడు! ఎందుకంటారా? న్యూయార్క్ దగ్గర సెనెకా అనే ఆదివాసులు కూడా దాదాపు ఇలాగే వరసలు కలుపుతారు! నాన్న తమ్ముడు వాళ్లకూ నాన్నే. ఆయన కొడుకు వాళ్లకూ తోడబుట్టినవాడే. మేనత్త పిల్లలు మాత్రం వేరు వరస! తెలుగు, తమిళ వరసల పట్టికలన్నీ తెప్పించుకుని, సెనెకా పట్టిక పక్కన పెట్టి, ఆయన 1871లో తన పెద్ద పుస్తకంలో అచ్చేశాడు.

దాంతో మోర్గన్ ఒక పెద్ద ఊహ చేశాడు. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచే వెళ్లారు, చూడండి, చుట్టరికమే సాక్ష్యం అన్నాడు! ఆసియా నుంచి వెళ్లిన మాట నిజమే. కాని అందుకు మన వరసలు సాక్ష్యం కావని తర్వాతివాళ్లు తేల్చారు. పోలిక మాత్రం అలాగే ఉంది! 1981లో టామస్ ట్రౌట్‌మన్ ద్రవిడ చుట్టరికం మీద ఇంకో పెద్ద పుస్తకం రాశాడు. మన పెళ్లిపందిట్లో అవ్వ చెప్పే వరసలు, అక్కడ డాక్టరేట్లు!

మేనరికం తగ్గిపోయిందని అనుకుంటున్నారా? ఆంధ్రప్రదేశ్ పెళ్లిళ్లలో దగ్గర చుట్టరికంలో జరిగేవి ఇప్పటికీ దాదాపు 4లో 1! ఆస్తి చేయిదాటకూడదని, పిల్ల కళ్లముందే ఉంటుందని అంటారు. పుట్టే బిడ్డల ఆరోగ్యం కూడా ఆ లెక్కలో వేసుకోండి. డాక్టర్లు అది చెప్పీ చెప్పీ అలసిపోయారు!

అదే 1871లో ఇక్కడ ఏం జరిగిందో తెలుసా? మోర్గన్ మన వరసలను అచ్చేసిన ఏడాదే, బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా రాసుకునే చట్టం తెచ్చింది! తర్వాత అది మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో వాళ్ల కోసం సెటిల్‌మెంటు పెట్టారు. దొంగతనం చేయని పసిబిడ్డ కూడా ఆ జాబితాలో పుట్టేవాడు. ఎంత అన్యాయం! దేశమంతటా ఆ ముద్ర చెరగడానికి 1952 దాకా పట్టింది.

ఆ చట్టంలోనే రెండో భాగం ఒకటుంది. అది హిజ్రాల మీద! ఉత్తరాదిలో పోలీసులు వాళ్ల పేర్లు రాసుకునేవారు. నలుగురిలో ఆడవేషం వేసినా, ఆడినా పాడినా 2 ఏళ్ల దాకా జైలు! సంతేకుడ్లూరులో మొక్కు. అక్కడ నేరం! అదే చీర!

హైదరాబాద్ నిజాం రాజ్యంలోనూ 1919లో ఇలాంటి చట్టమే వచ్చింది. అది ఎప్పుడు పోయిందో ఊహించండి! స్వాతంత్ర్యంతోనా? కాదు. రాజ్యాంగంతోనా? కాదు! 2023 జూలైలో! వైజయంతి వసంత మొగ్లి కోర్టుకెక్కితే తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. 104 ఏళ్లు అది పుస్తకంలో అలాగే కూర్చుంది!

సెక్షన్ 377 ఇంకా మొండిది! ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి దగ్గరైనా, అది ప్రకృతికి విరుద్ధమైతే నేరం అనే చట్టం. 1860లో పుట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాని కోర తీసింది. 158 ఏళ్లు!

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి ఆడ, మగ కాకుండా ఇంకో గడి పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో చేరినవాళ్లు 43,769 మంది! నా మాట అడిగితే ఇది తక్కువ లెక్కే. ఇంటి గుమ్మం దగ్గర అమ్మానాన్నల ముందు నిలబడి లెక్కలవాళ్లకు నిజం చెప్పడం ఎంతమందికి సాధ్యం?

హైదరాబాద్ హిజ్రాల మధ్య ఏళ్ల తరబడి తిరిగి ఒక తెలుగు ఆడబిడ్డ పుస్తకం రాసిందని విన్నారా? గాయత్రీ రెడ్డి! 2005లో షికాగో విశ్వవిద్యాలయ ప్రెస్ వేసింది. హిజ్రా అంటే శరీరం సంగతి ఒక్కటే కాదని ఆమె తేల్చి చెప్పారు. వాళ్లకు అన్నిటికన్నా పెద్దది ఇజ్జత్! మర్యాద! గురువు, శిష్యురాలు, అక్క, కూతురు అని వాళ్లు కట్టుకున్న చుట్టరికాలు మన ఇళ్లంత గట్టివి!

జాతి మాటకు వద్దాం. అది భాష దగ్గర మొదలైంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మొదట అచ్చులో నిరూపించింది ఎక్కడో తెలుసా? ఒక తెలుగు వ్యాకరణ పుస్తకం ముందుమాటలో! 1816లో! రాసింది ఎల్లిస్ అనే దొర. వ్యాకరణం రాసింది ఎవరు? ఆదోని, బళ్లారి బడుల్లో 60 మంది ఆడపిల్లల్ని లెక్కపెట్టిన ఆ క్యాంబెలే! ద్రవిడ భాషల మీద రాసిన కాల్డ్వెల్ పేరే అందరికీ తెలుసు, ఆయన పుస్తకం దీని తర్వాత 40 ఏళ్లకు వచ్చింది!

ఆ భాషల మాటను దొరలు మెల్లగా రక్తం మాటగా మార్చేశారు. మద్రాసు మ్యూజియం నడిపిన థర్‌స్టన్ ఏం చేశాడో చూడండి. కొలబద్ద పట్టుకుని జనం తలలు, ముక్కులు కొలిచాడు! వెడల్పు ఎంత, పొడవు ఎంత, ఏ కులం ఎక్కడ నిలబడుతుంది! 1909లో 7 పెద్ద సంపుటాలు వేశాడు. అందులో ఆచారాల వివరాలు ఈనాటికీ పనికొస్తాయి. ముక్కు కొలతలు చెత్తబుట్టకే!

కొలబద్ద చెప్పలేనిది జన్యువులు చెప్పాయి! హైదరాబాద్ సీసీఎంబీ, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2009లో దేశంలో 25 సమూహాల రక్తం చదివారు. అందరమూ కలగలుపే! ఎవరూ స్వచ్ఛం కాదు! అయితే ఒక వింత దొరికింది. మన వైశ్యులు 100 తరాలకు పైగా బయటి పెళ్లిళ్లు దాదాపు చేసుకోలేదట! దసరాకు ప్రొద్దుటూరు అమ్మవారిశాలకు వెళ్లినప్పుడు తలచుకోండి. పక్కింటి కులంతో వేల ఏళ్లు కలిసి వ్యాపారం చేశారు, పెళ్లి మాత్రం చేసుకోలేదు! కులం ఎంత గట్టి గోడో రక్తంలోనే రాసి ఉంది.

మరి దేవుళ్లు? దేవుళ్లు ఆ గోడ ఎప్పుడో దూకేశారు! అహోబిలం నరసింహస్వామి చెంచుల అల్లుడు! నల్లమల బిడ్డ చెంచులక్ష్మిని పెళ్లాడాడు. ఏటా సంక్రాంతి దాటగానే తన కల్యాణానికి తానే పిలుపులు చెప్పుకుంటూ పల్లకీలో బయల్దేరతాడు. 40 రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు! అత్తింటివాళ్లను అంత గౌరవంగా పిలిచే అల్లుడు ఇంకెక్కడైనా ఉన్నాడా?

ఆ చెంచుల్లో ఆడమగ సంగతి ఇంకా బాగుంది! ఆస్ట్రియా నుంచి వచ్చిన ఫ్యూరర్ హైమండార్ఫ్ కృష్ణకు అవతలి ఒడ్డున చెంచుపెంటల్లో ఉండి 1943లో పుస్తకం రాశాడు. ఆడది ఇష్టపడి పెళ్లాడుతుంది, ఇష్టం లేకపోతే విడిపోతుంది, తన వస్తువు తనదే! పట్నాలు కోర్టుల్లో కొట్లాడి తెచ్చుకున్నది అడవిలో ముందే ఉంది.

దేవుని కడపకు ఉగాది రోజు పోయి చూడండి. వెంకటేశ్వరస్వామి గుడి ముందు ముస్లింలు వరసలో ఉంటారు! కొబ్బరికాయ, బెల్లం పట్టుకుని! ఎందుకు? బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు, స్వామి మా అల్లుడు అంటారు! ఏడాదికి 1 రోజు, ఆ గుడి రెండు మతాల అల్లుడి ఇల్లు!

అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండుగ చూశారా? కుళ్లాయిస్వామి పీరును మోసేవాళ్లలో, మొక్కేవాళ్లలో హిందువులే ఎక్కువ! మన తెలుగు కవి అఫ్సర్ దీని మీద రాసిన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ 2013లో అచ్చేసింది. సీమ పల్లె ఒకటి ప్రపంచ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో కూర్చుంది!

ఇంత చూశాక ఒక లెక్క చెబుతాను, బాధపడకండి. దేశంలో కులం దాటి జరిగే పెళ్లిళ్లు ఎన్ని? నూటికి 5 దగ్గర! అంతే! చెంచులక్ష్మికి పట్టుచీర పెట్టి దణ్ణం పెడతాం. మన పిల్ల వేరే కులం కుర్రవాణ్ని తెస్తే ఇల్లు దద్దరిల్లుతుంది. దేవుడికి లేని అడ్డు పిల్లలకెందుకు?

దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి ఎవరు? ఎక్కడివాడు? కర్నూలు పక్కన పెద్దపాడు! దామోదరం సంజీవయ్య! 1960లో ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన వయసు 38! ఈ రోజు విశాఖలో పిల్లలు లా చదివే జాతీయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. పెద్దపాడు పల్లె బడి పిల్లాడి పేరు!

విమానం ఎక్కితే కులం దిగిపోతుందని అనుకుంటాం. పోదు! అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో కుల వివక్షను నిషేధించింది. సియాటిల్ నగరం 2023లో చట్టమే చేసింది! అక్కడ కులం తీసుకుపోయిందెవరు? తెల్లవాళ్లా? మనమే! జాతి వివక్ష మీద మనం ఫిర్యాదు చేసే ఆఫీసులోనే, మన పక్క కుర్చీవాడు మన మీద కుల వివక్ష ఫిర్యాదు చేస్తున్నాడు!

చేలల్లోకి పోదాం. నంద్యాల, కర్నూలు వైపు సంకరజాతి పత్తి విత్తనం తయారవుతుంది. ఒక్కో పువ్వునూ చేత్తో గిల్లి, చేత్తో పుప్పొడి రుద్దాలి. ఆ పని ఎవరిచేత చేయించారు? 7 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లల చేత! తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి పిల్లను సీజనంతా కట్టిపడేశారు. దావులూరి వెంకటేశ్వర్లు ఈ సంగతి పరిశోధించి రాస్తేనే ప్రపంచం ఉలిక్కిపడింది. చిన్న చేతులైతే పువ్వు నలగదట! కూలీ తక్కువట! ఎదురు మాట్లాడరట! పత్తి చేనుకు ఆడపిల్లనే ఎందుకు ఏరుకున్నారో ఈ మూడు మాటల్లో ఉంది. ఇది రాస్తుంటే నాకు కోపం ఆగదు.

అదే కర్నూలు జిల్లా, అదే ఎండ, ఇంకో కథ! ఓర్వకల్లు ఆడవాళ్లు! రోజుకు 1 రూపాయి దాచడంతో మొదలుపెట్టారు. 1995 ప్రాంతంలో ఐక్యరాజ్య సమితి పేదరిక నిర్మూలన పథకం వచ్చింది. మహిళా సంఘాలు లేచాయి. చీటీ మీద వేలిముద్ర వేసినవాళ్లే బ్యాంకు మేనేజరు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు! బాలభారతి అని సొంతంగా బడి కూడా పెట్టారు! రాష్ట్రమంతా పొదుపు సంఘాలకు ఓర్వకల్లు చూసి రమ్మని పంపేవారు. బడికి పోని ఆడవాళ్లు బడి కట్టారు!

ఒక చిన్న పని చెబుతాను, చేస్తారా? మీ జేజినో అవ్వనో కూర్చోబెట్టుకుని అడగండి. మన ఊళ్లో బసివి అనే మాట విన్నావా? పీర్లను ఎవరు మోసేవారు? నీ పెళ్లి ఎలా కుదిరింది? బడికి ఎందుకు పోలేదు? చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, తేదీ వేయండి. ఇంట్లో పాత దస్త్రాలు, తాటాకులు ఉంటే పారేయకండి. కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే ఆయన పేరున భాషా పరిశోధన కేంద్రం ఉంది, ఇప్పుడది వేమన విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడికి తీసుకెళ్లి ఇవ్వండి!